నూరేళ్ల తలకు శాలువా ఒక్కటి చాలునా?



నూరేళ్లు నిండిన పెద్దలను సంఘంలో ఎలా సన్మానించాలి అన్న మాట ఈ మధ్య మా ప్రాంతపు సేవకుల సహవాసంలో వచ్చింది. ఒకరు శాలువా అన్నారు. ఒకరు వెండి జ్ఞాపిక అన్నారు. ఇంకొకరు నాయకులను పిలిచి పెద్ద సభ పెడదాం, ఫ్లెక్సీలు కట్టిద్దాం అన్నారు. అంతలో భోజనాల వేళయింది. మా అభిప్రాయం అక్కడ రెండు మాటల్లో తేలేది కాదు గనుక ఇక్కడ వ్రాస్తున్నాం. ప్రత్తిపాడు అనగానే కాకినాడ వైపు ప్రత్తిపాడు అనుకునేవారు ఉంటారు. మాది గుంటూరు ప్రత్తిపాడు, పేరులోనే ప్రత్తి ఉన్న నల్లరేగడి నేల. ఇక్కడి పెద్దలను, వారి చేతులను దృష్టిలో పెట్టుకొని చదవండి.

మన గుంటూరు జిల్లా ముసలమ్మను ఒకరిని లోకమంతా ఎరుగుదురు. తెనాలి వైపు గుడివాడ గ్రామానికి చెందిన కర్రె మస్తానమ్మ గారు. 2016లో మునిమనవడు, అతని స్నేహితుడు కలిసి ఆమె వంకాయ కూర వండుతుండగా ఫోనులో తీసి యూట్యూబ్‌లో పెట్టారు. 'కంట్రీ ఫుడ్స్' అన్న పేరుతో ఆ ఛానల్ లక్షలమందికి చేరింది. పొలం గట్టున మూడు రాళ్ల పొయ్యి, బోసి నోరు, తెల్లని జుట్టు, నేత చీర, చేతిలో కత్తిపీట. పుచ్చకాయలో కోడికూర వండిన వీడియో చూడనివారు తక్కువ. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూసినప్పుడు లండన్ పత్రికలు కూడా వార్త వ్రాశాయి. అప్పటికి ఆమె వయస్సు 107 అని చెప్పుకున్నారు.

ఆమెను చూసి లోకం మురిసిపోయింది, మంచిదే. అయితే మేము ఆలోచించేది ఆ కెమెరా రాకముందు గడిచిన నూరేళ్లను గురించి. పసితనంలోనే పెళ్లి, చిన్న వయస్సులోనే వైధవ్యం, పిల్లలను సాకడానికి కూలి పని. ఆ పిల్లల్లో ఎక్కువమందిని బ్రతికుండగానే పోగొట్టుకున్నది. ఇదంతా ఆమె బ్రతుకులో ఉన్నదే, కాని ఇందులో దేనికీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నూట అయిదేళ్లప్పుడు వండిన కూరకు వచ్చిన చప్పట్లు, ముప్పై ఏళ్లప్పుడు వండి పిల్లలకు పెట్టి తాను గంజి తాగి పడుకున్న రాత్రులకు రాలేదు. మన గ్రామాల్లో ఇలాంటి మామ్మలు ఇంకా ఉన్నారు. వారికి వీడియో తీసే మునిమనవడు లేడు, అంతే తేడా.

అదే తెనాలి సీమలో నూరేళ్లు దాటిన మరొక పెద్ద మనిషి యడ్లపాటి వెంకటరావు గారు. 1919లో పుట్టి, 1967లో వేమూరు నుంచి శాసనసభకు వెళ్లి, మంత్రిగా, సంగం డెయిరీ ఛైర్మన్‌గా, రాజ్యసభ సభ్యునిగా పనిచేసి, 2022 ఫిబ్రవరిలో 102 ఏళ్ల వయస్సులో కన్నుమూశారు. ఆయన ఏ సంవత్సరంలో ఏ పదవిలో ఉన్నారో వెతికితే ఒక్క నిమిషంలో దొరుకుతుంది. మస్తానమ్మ గారి పుట్టిన తేదీకి మాత్రం గట్టి కాగితం చూపించడం కష్టం. ఆయనకు దక్కిన గౌరవం తప్పని మేము అనడం లేదు. పాలు పోసి పిల్లలను చదివించుకున్న ఇళ్లు ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి, ఆ పనికి తలలో నాలుకగా ఉన్నవారిని స్మరించుకోవాలి. కాని పదవి ఉన్న నూరేళ్లకు చరిత్ర ఉంటుంది, పదవి లేని నూరేళ్లకు ఉండదు. సంఘం కూడా లోకంలాగే చేస్తే ఇక సంఘం దేనికి?

ఈ విషయంలో మాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చేది బర్జిల్లయి. సమూయేలు రెండవ గ్రంథంలో ఆయన సంగతి ఉంది. మన ప్రసంగాల్లో ఆయన పేరు వినపడేది అరుదు. అబ్షాలోముకు భయపడి దావీదు యొర్దాను దాటి మహనయీముకు వచ్చినప్పుడు, మరి ఇద్దరితో కలిసి ఆయన పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, చిక్కుళ్లు, తేనె, వెన్న, గొర్రెలు తెచ్చి అడవిలో అలసిన జనానికి పెట్టాడు. అప్పటికి ఆయన వయస్సు ఎనభై. ఓడిపోతున్న రాజుకు అన్నం పెట్టడం అంటే మాటలు కాదు. అబ్షాలోము గెలిచి ఉంటే ఆ ముసలాయన తల ఉండేది కాదు.

దావీదు తిరిగి సింహాసనానికి వెళ్తూ, నాతో యెరూషలేముకు రా, నా దగ్గర నిన్ను పోషిస్తాను అన్నాడు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఘనమైన సన్మానం. బర్జిల్లయి వద్దన్నాడు. రాజు బల్ల మీద తిన్నా రుచి తెలియదు, పాడేవారి స్వరం చెవికి ఎక్కదు, రాజుకు నేనెందుకు భారం కావాలి అని అడిగి, నా ఊరిలో నా తలిదండ్రుల సమాధి దగ్గర చనిపోనివ్వమని వేడుకున్నాడు. తన బదులు కింహామును తీసుకెళ్లమన్నాడు. ఇక్కడ దావీదు చేసినది చూడండి. నొచ్చుకోలేదు, బలవంతం చేయలేదు, నా మర్యాద ఏం కావాలి అనలేదు. నీకు ఏది అనుకూలమో అదే చేస్తానన్నాడు, ముద్దు పెట్టుకుని దీవించి ఇంటికి పంపాడు. కింహామును వెంట తీసుకువెళ్లాడు. చనిపోయే ముందు సొలొమోనుతో కూడా బర్జిల్లయి కుమారులను నీ బల్ల దగ్గర భోజనం చేయనివ్వు అని చెప్పాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ల తరువాత యిర్మీయా గ్రంథంలో బేత్లెహేము దగ్గర ఒక బస కింహాము పేరుతో కనిపిస్తుంది. ఆ చిక్కుళ్లు, ఆ తేనె ఎంత దూరం వెళ్లాయో!

ఇప్పుడు మన సభలు తలచుకోండి. ఎండలో షామియానా, మైకు, ఇద్దరు ముగ్గురు నాయకులు రావాలి గనుక పదింటి సభ పన్నెండున్నరకు మొదలు. ఎనభై ఏళ్లకే బర్జిల్లయికి పాట వినపడలేదు, నూరేళ్ల మామ్మకు మన డీజే బాక్సులు ఏం వినపడతాయి, గుండె అదరడం తప్ప? మెడలో పూలదండ వేస్తాం, అది ఆమెకు బరువు. పక్కన నిలబడి ఫోటో దిగుతాం. ఆమె మాట్లాడబోతే టైం లేదని మైకు తీసుకుంటాం. మూడు గంటలు కుర్చీలో కూర్చున్న ఆ తల్లికి మధ్యలో బాత్రూముకు వెళ్లాలనిపిస్తే ఏమిటి పరిస్థితి అని ఎవరైనా ఆలోచించారా? నీకు ఏం కావాలమ్మా అని ముందు రోజు ఒకరు వెళ్లి అడిగితే, మా అంచనా, వందలో తొంభైమంది సభ అడగరు. కంటి శుక్లం తీయించమంటారు. పెద్దకొడుకునూ చిన్నకొడుకునూ ఒక్కసారి ఒకే పంక్తిలో కూర్చోబెట్టమంటారు. గుడికి రాలేకపోతున్నాను, ప్రభువు బల్ల ఇంటికి తెచ్చి ఇవ్వండయ్యా అంటారు.

సన్మానం అన్న మాటను వాక్యం ఎలా వాడుతుందో కూడా చూద్దాం. తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయంలో విధవరాండ్రను సన్మానించమని పౌలు చెప్పినప్పుడు అక్కడ శాలువా లేదు, అన్నం ఉంది. పిల్లలూ మనవలూ ఉంటే మొదట వారు చూడాలి, ఎవరూ లేకపోతే సంఘం చూడాలి అని ఏర్పాటు చేస్తాడు. జాబితాలో చేర్చవలసిన స్త్రీకి ఆయన పెట్టిన అర్హతలు ఏమిటి? పిల్లలను పెంచడం, పరదేశులకు చోటివ్వడం, పరిశుద్ధుల కాళ్లు కడగడం, కష్టంలో ఉన్నవారిని ఆదుకోవడం. ఒక్క పదవి లేదు, ఒక్క వేదిక లేదు. ప్రభువు కూడా తలిదండ్రులను సన్మానించే ఆజ్ఞను గురించి పరిసయ్యులను నిలదీసినప్పుడు, డబ్బు దగ్గరే పట్టుకున్నాడు. కొర్బాను అని పేరుపెట్టి, దేవునికి ఇచ్చేశాం అని చెప్పి, కన్నవారికి పెట్టవలసినది ఎగ్గొట్టడాన్ని ఆయన ఒప్పుకోలేదు. కాబట్టి తల్లిని పస్తు పెట్టి ప్రార్థనా మందిరానికి ఫ్యాను ఇచ్చేవారి కానుక మీద మాకు గౌరవం లేదు. కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

ప్రతి నెలా మొదటి తేదీన ఇంటికి వచ్చి ఇచ్చే వృద్ధాప్య పింఛను ఇప్పుడు 4,000 రూపాయలు. అది పెద్దావిడ చేతిలో ఎంతసేపు ఉంటుందో మన వీధుల్లో తిరిగే వాళ్లకు తెలుసు. మనవడి బండి పెట్రోలు, ఫోను రీచార్జి, చీటీ బాకీ. మందుల కొట్టు దగ్గరకు వచ్చేసరికి మిగిలేది కొంచెమే. చట్టం కూడా ఉంది, తలిదండ్రుల పోషణకు 2007లో చేసినది. కాని మన తల్లులు కొడుకు మీద కాగితం పెట్టరు. పెట్టరని తెలిసే కొడుకులు ధైర్యంగా ఉంటారు. ఆ ఇంటికి వెళ్లి, కాఫీ తాగుతూ, నవ్వుతూనే ఆ సంగతి అడగగలిగినవాడు పాస్టరు ఒక్కడే. అది అడగకుండా శాలువా కప్పి వస్తే ఆ ఇంటి తప్పును మనం కప్పినట్టే.

వయస్సు దగ్గర ఒక చిక్కు ఉంది, దానినీ దాచనక్కరలేదు. 2011 జనాభా లెక్కల్లో నూరేళ్లు, ఆపైన అని నమోదైనవారు దేశంలో 6 లక్షలకు పైనే. 2024 ఎన్నికలప్పుడు ఎన్నికల సంఘం చెప్పిన నూరేళ్లు దాటిన ఓటర్లు 2.18 లక్షలు. మన దేశంలో వయస్సు సున్నతో ముగిసే అంకెకు జారిపోవడం లెక్కలు చూసేవారికి తెలిసిందే. ఇక ఆధార్ కార్డుల్లో మన పెద్దల్లో ఎందరో జనవరి 1నే పుట్టారు! జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అంతకుముందు కూలి ఇంట ఆడపిల్ల పుడితే వ్రాసుకున్నదెవరు? వ్రాసినది సంఘమే. పాత మిషను సంఘాల బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పట్టకుండా ఉన్నచోట పేరు, తండ్రి పేరు, తేదీ దొరుకుతాయి. రిజిస్టరులో ఒక పేరు, ప్రభుత్వ కాగితంలో ఒక పేరు ఉండవచ్చు. ఎందుకో మన వాళ్లకు వివరించనక్కరలేదు. రిజిస్టరు లేకపోతే జ్ఞాపకాలతో లెక్క కట్టాలి. నెహ్రూ గారు సాగర్‌కు పునాది వేసిన 1955 డిసెంబరు నాటికి నీకు ఎందరు పిల్లలమ్మా? కుడి కాలువకు నీళ్లు వదిలిన 1967లో నువ్వు నాట్లకు వెళ్లావా? 1977 దివిసీమ ఉప్పెన నాటికి మనవలు పుట్టారా? ఇలా అడిగితే సంవత్సరం రెండు సంవత్సరాల తేడాతో వయస్సు తేలుతుంది. నూరు కాకపోయి తొంభై ఆరు అయితే నష్టమేమీ లేదు. అబద్ధపు నూరుకంటే నిజమైన తొంభై ఆరు దేవుని మందిరంలో మేలు.

అసలు నూరు అన్న అంకెకే దండ వేస్తే అది కూడా పొరపాటే. మెతూషెల 969 సంవత్సరాలు బ్రతికాడు. కుమారులను కుమార్తెలను కన్నాడన్న మాట తప్ప ఆయన చేసిన పని ఒక్కటి కూడా ఆదికాండములో వ్రాసి లేదు. మన ప్రభువు ఈ భూమి మీద బ్రతికినది ముప్పై మూడేళ్లు అంటాం. స్తెఫను పడుచువాడుగానే పోయాడని మన తలంపు. దీర్ఘాయుష్షు నీతికి సర్టిఫికెట్ అని చెప్పే బోధ ఈ మధ్య టీవీల్లో ఎక్కువయింది. ఆ బోధ వినే బెంచీల్లో కలరాకు, కాన్పుకు, పురుగుమందు డబ్బాకు బిడ్డలను పోగొట్టుకున్న తల్లులు కూర్చుని ఉంటారని ఆ బోధకులకు తట్టదా? దేవుడు ఒకరికి ఆయుష్షు పొడిగించాడు, వందనాలు. ఆ ఆయుష్షుతో ఆమె ఏమి చేసిందో అది చెప్పండి.

చెప్పాలంటే తెలియాలి. తెలియాలంటే కూర్చుని వినాలి. మన సంఘాల్లో సేవ అంటే మైకు పట్టుకున్నవారి సేవే సేవ. కాని ఒక పల్లెలో సంఘం నూరేళ్లు నిలబడింది ఎవరి వలన? వంట చేసే ముందు పిడికెడు బియ్యం తీసి ప్రభువు కుండలో వేసిన ఆడవాళ్ల వలన. అర్ధరాత్రి కాన్పుకు కులం అడగకుండా లేచి వెళ్లిన మంత్రసాని వలన. శవానికి నీళ్లు పోయడానికి అందరూ వెనకాడినప్పుడు చీర కుచ్చెళ్లు దోపుకుని ముందుకు వచ్చిన విధవరాలి వలన. అక్షరం రాకపోయినా కీర్తనలు మొత్తం నోటికి పట్టి, మిరప కళ్లంలో తాలు కాయలు ఏరుతూ పక్కవారికి నేర్పిన గొంతు వలన. మిరప ఘాటుకు తుమ్ముతూ, దగ్గుతూ నేర్చుకున్న ఆ పాటలే తరువాత ఆదివారం గుడిలో వినపడ్డాయి. మిషను రోజుల్లో బైబిలు స్త్రీలు అని పేరుపెట్టి జీతమిచ్చి పంపినవారు కొందరు. జీతం లేకుండా అదే పని చేసినవారు లెక్కకు అందరు.

మరొక లెక్క చెబుతాం. ఫాదర్ హెయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినది 1842 జూలై 31న. ఒంగోలు వైపు క్లౌ దొర కాలంలో, ధాత కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనకు ఇవి పుస్తకపు సంగతులు. 1925 ప్రాంతంలో పుట్టిన మామ్మకు మాత్రం ఆ కరువులో గంజికేంద్రం దగ్గర నిలబడిన నాయనమ్మ ఒడిలో విన్న సంగతులు. రెండు నూరేళ్ల బ్రతుకులు చేయి చేయి పట్టుకుంటే ఈ ప్రాంతపు సువార్త చరిత్ర దాదాపు మొత్తం అందులో ఇముడుతుంది. ఆ రెండవ చేయి ఇప్పుడు మన మధ్య మంచం మీద ఉంది. అది చల్లబడితే ఆ పల్లెలో మొదట ఎవరు నమ్మారు, ఎవరు కొట్టారు, ఏ చింతచెట్టు కింద మొదటి ఆరాధన జరిగింది అన్నది చెప్పేవారు ఉండరు. హెయ్యర్ గారి పేరు వచ్చింది గనుక ఒక మాట. ఆయన మూడవసారి మన దేశానికి బయలుదేరినది 1869లో, 76 ఏళ్ల వయస్సులో. ఓడ ప్రయాణం, అదీ ఆ కాలంలో! మన సంఘాల్లో అరవై దాటినవారిని కమిటీలోంచి తప్పించడానికి తొందరపడేవారు ఆ తేదీని ఒకసారి చూడాలి.

మనుషులను ఇలా పొగిడితే దేవుని మహిమను దొంగిలించినట్టు కాదా అని అడిగే సహోదరులు ఉన్నారు. వారి భయం మంచిదే. కాని లేవీయకాండము 19వ అధ్యాయం 32వ వచనం తీసి చూడండి. తల నెరసినవారి ఎదుట లేచి నిలబడటం, దేవునికి భయపడటం, రెండూ ఒకే వచనంలో ఒకే ఊపిరిలో ఆజ్ఞాపించబడ్డాయి. లూకా సువార్త రెండవ అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి గురించి ఎంత శ్రద్ధగా వ్రాశారు! తండ్రి పేరు, గోత్రం, పెనిమిటితో కాపురం చేసిన ఏళ్లు, విధవరాలిగా గడిపిన కాలం, దేవాలయం విడువకపోవడం. ఒక ముసలమ్మ బ్రతుకును అంత వివరంగా వ్రాసినందుకు బాలయేసు మహిమ తగ్గిందా?

పై దేశాల సంగతి తెలుసుకుంటే మనకు కొంచెం సిగ్గు కూడా కలుగుతుంది. జపానులో 1963 నుంచి నూరేళ్లు నిండినవారికి ప్రభుత్వం వెండి గిన్నె పంపుతోంది. ఆ ఏడు వారు 153 మంది. 2025లో ఆ దేశంలో నూరేళ్లు దాటినవారు 99,763 మంది, వారిలో నూటికి 88 మంది స్త్రీలే. లెక్క పెరిగి ఖర్చు భారమై 2016 నుంచి వెండిపూత గిన్నె ఇస్తున్నారు. మనకు నవ్వు వస్తుంది కాని, ఎవరు ఎక్కడ ఉన్నారో వారి దగ్గర జాబితా ఉంది. మన మండలంలో తొంభై దాటిన విశ్వాసులు ఎందరు? ఏ సంఘం దగ్గరైనా ఆ కాగితం ఉంటే మాకు చూపండి, సంతోషిస్తాం.

మా ఆలోచన చిన్నది. ప్రతి సంఘంలో తొంభై దాటినవారి పేర్లు ఒక నోటుపుస్తకంలో వ్రాయాలి, ఒక్కొక్కరికి నాలుగు పేజీలు వదలాలి. పదవ తరగతి, ఇంటర్ చదివే పిల్లలను ఇద్దరేసి పంపాలి. ఫోనులో గొంతు రికార్డు చేయాలి. పిల్లలకు మేము ముందుగా చెప్పేది ఒక్కటే, మధ్యలో అందించకండి, ఆమె ఆగితే మీరూ ఆగండి. పాడితే పాట చివరిదాకా వినండి, రాగం ఇప్పటి రాగంలా లేకపోయినా సరిచేయకండి. సంఘ పెద్దలు ఇద్దరు వేరే రోజు వెళ్లి కళ్లు, చెవులు, మంచం, మరుగుదొడ్డి, పింఛను సంగతి చూడాలి. ప్రభువు బల్ల ఆదివారం సాయంత్రం ఆ ఇళ్లకు వెళ్లాలి. శాలువా కప్పాలనుకుంటే ఆ ఇంట్లోనే, మంచం పక్కన, కోడళ్లూ మనవలూ చూస్తుండగా కప్పండి. పుట్టినరోజు తెలియకపోతే ఆమె బాప్తిస్మం పొందిన దినం తీసుకోండి. ఫ్లెక్సీ డబ్బుతో ఒక వాకర్, ఒక రాత్రి దీపం వస్తాయి.

జనవరిలో మిరప కోతలు మొదలైతే తెల్లవారకముందే ట్రాక్టర్లు కదులుతాయి, వీధిలో పెద్దవాళ్లు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు, ఆదివారం గుడి కూడా సగమే నిండుతుంది. మార్చి దాకా ఎవరికీ తీరిక ఉండదు, ఆ తరువాత ఎండలు. అందుకే ఇంటింటి దర్శనాలు క్రిస్మస్‌కు ముందే పెట్టుకుందామని మా పెద్దలతో అనుకుంటున్నాం. నోటుపుస్తకాలు కొన్నాం. మీ పల్లెలో ఎవరున్నారో, ఏ పూట వెళ్తే మెలకువగా ఉంటారో మాకు కబురు పంపండి.